నీలం తిరిగే చుక్క

తొట్టి గాజుకు బయటివైపు పసుపుతో గీసిన గీత ఒకటుంది. నీళ్ళు ఆ గీత కిందికి రెండు వేళ్ళు జారాయి. మాబాషా స్టూలెక్కి, క్యాను భుజానికి ఆనించుకుని మంచినీళ్ళు సన్నటి ధారగా వదులుతున్నాడు. ఉప్పునీళ్ళు కాదు, మంచినీళ్ళే. ఎండకు ఎగిరిపోయేది నీళ్ళే గానీ ఉప్పు కాదనీ, తరిగినప్పుడల్లా ఉప్పునీళ్ళే పోస్తూ పోతే తొట్టి ఊరగాయ జాడీ అవుతుందనీ కొత్తలో రెండు చేపల్ని పోగొట్టుకున్నాకగానీ ఆయనకు తెలియలేదు. కడప ఎండ పెన్నా నదినే తాగేసింది, మంచం పొడుగు తొట్టి దానికొక లెక్కా!

క్యాను దించి, తువ్వాలుతో మెడ తుడుచుకుని, తొట్టి లోపలికి చూశాడు. చూడబుద్ధి కాలేదు. నడుమ రాతి మీద చామంతిలా విచ్చుకోవాల్సిన పగడం పిడికిలి బిగించుకుని కూర్చుంది. దాని పక్కన గుండీలు కుట్టినట్టుండే చిన్న పగడాలు ముడుచుకుని రాతికి అంటుకుపోయాయి. నీళ్ళు తిప్పే మోటారు మీద తెల్లటి పక్కు కట్టింది. మొన్ననే గీకాడు, మళ్ళీ కట్టింది. ఇసుక కూడా గట్టిపడి పలుకులు పలుకులుగా లేస్తోంది. రెండు వారాలుగా ఇదే వరస.

రామసుబ్బయ్య లాడ్జి కడప రైల్వేస్టేషనుకు పోయే దారిలో ఉంది. దర్గాకు వచ్చినవాళ్ళు, ఒంటిమిట్ట రాములవారికి మొక్కు చెల్లించి వచ్చినవాళ్ళు, కోర్టు వాయిదాలకు వచ్చినవాళ్ళు అక్కడ దిగుతారు. మూడేళ్ళ కిందట రామసుబ్బయ్య మద్రాసులో బంధువుల నగలకొట్టులో ఈ సముద్రపు తొట్టిని చూసి మనసు పారేసుకుని, అలాంటిదే ఒకటి తెప్పించి లాడ్జి హాల్లో పెట్టించాడు. సముద్రం మొహమెరగని ఊళ్ళో అదొక వింత అయింది. గది తాళం అడగడం కూడా మరిచిపోయి జనం దాని ముందు నిలబడేవాళ్ళు. పిల్లలు గాజుకు ముక్కులానించి చూసేవాళ్ళు, తల్లులు వాళ్ళను లాగుతూ తామూ చూసేవాళ్ళు.

మాబాషా ఆ లాడ్జికి వాచ్‌మనుగా వచ్చినవాడు. తొట్టి పని ఆయన అడిగి తీసుకున్నాడు. మద్రాసు మనిషి తొట్టి బిగించి, నీటి పరీక్ష ఎలా చేయాలో చూపిస్తున్న రోజు ఆయన గుమ్మం దగ్గర నిలబడి వింటున్నాడు. సీసాలో తొట్టి నీళ్ళు తీసి, పొడి కలిపితే ఎర్రగా అవుతాయి. అందులో మందు చుక్కలు చుక్కలుగా వేస్తూ పోవాలి. ఎరుపు ఊదా అయి, ఊదా నీలం తిరిగిన చుక్క దగ్గర ఆపాలి. ఎంత మందు పట్టిందో దాన్నిబట్టి నీళ్ళలో మెగ్నీషియం ఎంతుందో తెలుస్తుంది. ఆ నీలం పట్టుకోవడమే కష్టమనీ, చదువుకున్నవాళ్ళు కూడా తికమకపడతారనీ మద్రాసు మనిషి అంటూ ఉంటే మాబాషా ఇక ఆగలేకపోయాడు.

"రంగు చూసే పనా? సెట్టిగారూ, అది నాకియ్యండి. ముప్పై ఏండ్లు రంగులోనే బతికినోణ్ణి. నా కన్ను అబద్ధం చెప్పదు."

చెప్పినమాట నిజమే. ఒంటిమిట్ట దగ్గరి మాధవరంలో మాబాషా నూలుకు రంగు అద్దేవాడు. సాలెవాళ్ళ ఇళ్ళకు ఆయన రంగు వేసిన నూలే పోయేది. మోచేతుల దాకా కాస్టిక్ సోడా కాల్చిన మచ్చలు, మొద్దుబారిన వేళ్ళకొసలు ఆ ముప్పై ఏళ్ళ గుర్తులు. మరెందుకు మానేశావని ఎవరన్నా అడిగితే ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. మిల్లు నుంచి రంగు వేసిన నూలే వస్తాంటే ఇంగ మాతో ఏం పని, అనేవాడు. వినేవాళ్ళు అయ్యో అనేవాళ్ళు. ఆ అయ్యో అంటే ఆయనకు కొంచెం ఇష్టం కూడా.

ఈ మంగళవారం పొద్దున రామసుబ్బయ్య గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఫోన్లో మద్రాసు మనిషితో మాట్లాడి పెట్టేశాడు. బొద్దుగా, ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి. ఈరోజు నవ్వలేదు.

"ఏమప్పా బాషా, ఇంగ లాభం లేదు. ఎల్లుండి వ్యాను పంపిస్తాడంట. బతికి ఉండేటివి ఎత్తుకపోతాడు. తొట్టి తీసేసి ఆడ టీవీ పెట్టుకుందాం."

మాబాషా స్టూలు మీదినుంచి దిగాడు. "ఇంకొన్ని దినాలు చూడండి సెట్టిగారూ."

"చూస్తానే ఉండాం గదప్పా! ఆయప్ప ఒకటే మాట. తెల్లగా పక్కు కట్టేది, ముడుచుకునేది, ఇదంతా మెగ్నీషియం తగ్గితేనే అంట. నీళ్ళలో సున్నాన్ని పట్టి ఉంచేది అదేనంట. అది చాలకపోతే సున్నం నిలవదు, పేరుకుపోయి మోటారుకు పట్టుకుంటాది, పగడాలకు అందదు. నువ్వేమో మెగ్నీషియం సరిగా ఉండాదంటావు."

"ఉండాది. ఉండేదాన్ని ల్యాదని యాడ చెప్పేది? నూలుకు రంగు పట్టించే పటిక ఎట్లనో తొట్టికి మెగ్నీషియం అట్ల. అది నాకు తెలీదా?"

"అయితే ఇంగేం రోగమో ఆయప్పకూ తెలీదంట," అన్నాడు రామసుబ్బయ్య. ఆయనకు తొట్టి మీద ప్రేమ ఉంది, పోరాడే ఓపికే లేదు.

మాబాషా తొట్టి వైపు తిరిగాడు. తొట్టి పోతే మళ్ళీ గేటు దగ్గర స్టూలు. అది కాదు బాధ. గేటు దగ్గర కూర్చోవడం ఏమంత కష్టం? రంగు పోయిన తరువాత తనకంటూ మిగిలింది ఈ పరీక్ష ఒక్కటే. ఆ సీసాను వెలుతురుకు ఎత్తి పట్టుకున్నప్పుడు హాల్లో ఉన్నవాళ్ళు ఊపిరి బిగబట్టి ఆయన నోటివైపు చూస్తారు. ఆయన నీలం తిరిగిందంటేనే తిరిగినట్టు. ఎల్లుండి నుంచి అదీ ఉండదు.

ఇంకొకసారి చేద్దామని సీసా తీశాడు. నీళ్ళు కొలిచి పోశాడు, పొడి కలిపాడు, ఎరుపు వచ్చింది. కిటికీ దగ్గరికి పోయి చుక్కలు వేయడం మొదలుపెట్టాడు. ఆయన చెయ్యి ఇప్పటికీ వణకదు. ఒక చుక్క, ఒక కుదుపు. ఇంకొక చుక్క, ఇంకొక కుదుపు.

మాదేవమ్మ గదులు తుడిచి బకెట్టుతో మెట్లు దిగుతోంది. నలభై దాటిన మనిషి, బుగ్గన ఎప్పుడూ వక్క. మాబాషా వెనక నిలబడి సీసా వంక చూసింది. ఆయన ఇంకొక చుక్క వేశాడు. ఇంకొకటి కూడా వేశాడు.

"బాషన్నా, నీలం వచ్చేసింది గదా, ఇంకా ఎందుకేస్తాండావు?"

"యాడొచ్చింది? ఇంకా మురికిగానే ఉండాది. నీలం రాల్యా."

"యాడ మురికప్పా! ఆకాశం మాదిరి ఉంటే! నాలుగు చుక్కల ముందే తిరిగిపాయ."

"నీకేం తెలుసు మాదేవమ్మా! నీలం అంటే ఏందో నాకు చెప్తావా నువ్వు? నేను వేసిన నీలం కట్టుకుని మూడు జిల్లాల్లో పెండ్లిండ్లు అయినాయి. పో, పోయి నీ పని చూసుకో."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం మాబాషా. మాదేవమ్మకూ అది తెలుసు. ఆమె మూతి తిప్పుకుని బకెట్టు ఎత్తుకుని పోయింది. ఆయన ఇంకొన్ని చుక్కలు వేసి, తనకు తెలిసిన నీలం కనిపించిందని అనిపించాక ఆపాడు. లెక్క ఎప్పటిలాగే సరిగ్గా వచ్చింది. మెగ్నీషియం నిండుగా ఉంది. పగడం పిడికిలి మాత్రం విప్పలేదు.

సీసా కడుగుతుంటే మాదేవమ్మ మాట చెవిలో మెదులుతూనే ఉంది. ఆకాశం మాదిరి. కడిగేముందు సీసాను ఎత్తి మళ్ళీ చూశాడు. బావి అడుగున నిలిచిన నీళ్ళలాగ, బూడిద కలిసిన పాచిలాగ ఉంది. ఇందులో ఆకాశం ఎక్కడుంది? కిటికీలోంచి ఆకాశం వైపే చూశాడు. అదీ బూడిదగానే ఉంది. ఎండాకాలం దుమ్ము ఇంకా పోలేదనుకున్నాడు. అంతలో ఈ నెల మొదట్లో రెండు వానలు పడ్డ సంగతి గుర్తొచ్చింది.

మధ్యాహ్నం అన్నం గిన్నె మూత తీయకుండానే వైవీ స్ట్రీట్‌లోని దారాల కొట్టుకు పోయాడు. నలుపు ఒకటి, నీలం ఒకటి, ఊదా ఒకటి, మూడు దారపు ఉండలు ఇమ్మన్నాడు. కొట్టువాడు తీసి బల్ల మీద పెట్టాడు. మాబాషా వాటిని చేతిలోకి తీసుకుని, నడి ఎండలోకి వచ్చి నిలబడి, అరచేతిలో వాటి చోట్లు మార్చి మార్చి పట్టుకుని చూశాడు.

మూడింటిలో ఏది ఏదో తెలియలేదు.

ఒక కన్ను మూసి చూశాడు. రెండోది మూసి చూశాడు. పక్కన చెప్పులు కుట్టుకుంటున్న దాసన్న తలెత్తి, "ఏమన్నా, ఏం వెతుకుతాండావు?" అన్నాడు.

"ఈ మూడిట్లో నీలం ఏదిరా?"

దాసన్న ఈయన తమాషా చేస్తున్నాడనుకుని నవ్వి, సూదితోనే నడుమ దాన్ని చూపించాడు. మాబాషా నలుపేమో అనుకున్నది అదే.

మూడు ఉండలనూ పిడికిట్లో బిగించాడు. అప్పుడు గుర్తొచ్చింది పుల్లన్న. గుర్తు రావడమేమిటి, ఎన్నడూ మరవలేదు, చూడకుండా తోసిపెట్టాడంతే. మాధవరంలో పుల్లన్న మగ్గానికి ఆయన వేసిన ఆఖరి నీలం నూలు వాపసు వచ్చింది. మామా, ఈ నూలు చుట్టల్లో ఒక చిలప ఒకటి మాదిరి ల్యాదు, కొన్ని ముదురు కొన్ని లేత, అని పుల్లన్న నెమ్మదిగానే చెప్పాడు. మాబాషా నూలును వాకిట్లో విసిరికొట్టాడు. సాలెవానికి రంగేం తెలుసన్నాడు. నీ మగ్గానికి నా చేత్తో ఇంకొక పోగు ఇవ్వనని ఒట్టు పెట్టుకున్నాడు. ఆ తరువాత ఇంకెవరికీ రంగు వేయలేదు. మిల్లు నూలు మాట అప్పుడు పుట్టింది. మిల్లు నూలు రాకపోలేదు, వచ్చింది. కానీ ఆయనను మానిపించింది అది కాదు. పుల్లన్న చెప్పింది నిజం. అప్పటికే తన కంటికి పొర కమ్ముతోంది. ముప్పై ఏళ్ళు తనకు అన్నం పెట్టిన నీలాన్నే అది అన్నిటికంటే ముందు మింగేసింది.

ఏడుపు వచ్చింది. నడి బజారులో మగవాడు ఏడవకూడదని తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. కాసేపటికి ఆ తువ్వాలు కిందే ఇంకొక ఆలోచన వచ్చింది. కన్ను తప్పు చెప్పిందంటే తొట్టిలో మెగ్నీషియం నిండుగా లేదన్నమాట. లేదంటే వెయ్యవచ్చు. వేస్తే పగడాలు బతుకుతాయి. ఏడుపు మధ్యలోనే ఆగిపోయింది. ఉండలు కొట్టువాడి బల్ల మీద పెట్టి, యాభై ఎనిమిదేళ్ళ మనిషి లాడ్జి దాకా ఇంచుమించు పరుగున వచ్చాడు.

మాదేవమ్మ వెనక వరండాలో దుప్పట్లు మడతపెడుతోంది.

"మాదేవమ్మా, రా. చుక్కలు నేనేస్తా. రంగు నువ్వు చూడు."

ఆమె కదలలేదు. "నాకేం తెలుసప్పా నీలం అంటే?"

"నాకు కనపడదమ్మా," అన్నాడు మాబాషా. అంత తేలికగా ఆ మాట నోట్లోంచి వస్తుందని ఆయన అనుకోలేదు. "నా కంటికి నీలం చచ్చిపోయింది. నువ్వు చూడు."

మాదేవమ్మ చేతిలోని దుప్పటి అక్కడే పెట్టేసి లేచింది.

కిటికీ దగ్గర ఇద్దరూ నిలబడ్డారు. ఆయన చుక్క వేసి కుదిపాడు. ఆమె సీసా మీంచి కన్ను తీయకుండా చెప్పింది. "ఎరుపే. ఎరుపే. కొంచెం ఊదా. ఊదా. ఆగప్పా, కుదుపు. ఇంకొకటెయ్యి. అదో! తిరిగె! ఆపు!"

ఆయన ఆపాడు. లెక్క చూశాడు. ఉండాల్సినదానికంటే ఎంతో తక్కువ. ఇన్ని నెలలుగా తాను నిండుగా ఉందనుకుని వేయకుండా దాచిన మెగ్నీషియం పొట్లాలన్నీ అలమరలో అలాగే ఉన్నాయి. మాబాషా గట్టిగా నవ్వాడు. మనిషికి పిచ్చి పట్టిందా అన్నట్టు మాదేవమ్మ చూసింది.

రామసుబ్బయ్య దగ్గరికి పోయి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. రామసుబ్బయ్య ముక్కున వేలేసుకున్నాడు.

"ఏమప్పా! నా కన్ను పనిచేయదని నువ్వే చెప్తాండావు. మళ్ళా వ్యాను వద్దంటాండావు. నిన్ను నమ్మేదెట్ల?"

"నన్ను నమ్మొద్దు సెట్టిగారూ. కన్ను మాదేవమ్మది. చెయ్యి మాత్రమే నాది. ఈ ఇద్దర్నీ నమ్మండి."

రామసుబ్బయ్య మాదేవమ్మ వైపు చూశాడు. ఆమె వక్క నమలడం ఆపి తల ఊపింది. ఆయన ఫోనెత్తి మద్రాసుకు కలిపి, వ్యాను ఇప్పుడే వద్దన్నాడు. ఎందుకని అటువైపు అడిగినట్టున్నాడు. "మావోళ్ళు రోగం కనుక్కున్యారులేప్పా," అన్నాడు. ఆ పొద్దంతట్లో మొదటిసారి నవ్వాడు.

మెగ్నీషియం ఒక్కసారిగా వేయకూడదు. కరువు తిన్న మనిషికి ఒకేసారి విందు పెడితే ఏమవుతుందో అదే అవుతుంది. గోరువెచ్చని నీళ్ళలో కరిగించి, రోజూ కొంచెం కొంచెం, నీటి వాలు ఉన్న మూలన పోస్తూ వచ్చారు. రోజూ సాయంత్రం చుక్కలు ఆయనవి, మాట ఆమెది. మోటారు మీద పక్కు కట్టడం ముందు ఆగింది. తరువాతి ఆదివారం, లాడ్జిలో ఒక పెళ్ళివారు దిగి హాలంతా సందడిగా ఉన్నప్పుడు, చామంతి పగడం వేళ్ళు ఒకటొకటే సడలించి, అరచేయంత వెడల్పున విచ్చుకుంది. పెళ్ళికూతురి మేనత్త ముందు చూసింది. అందరినీ కేకేసింది. అంతమంది ఆడవాళ్ళ పట్టుచీరెల వెనక నిలబడిన మాబాషాకు ఏమీ కనిపించలేదు. కనిపించాల్సిన పని లేదు. వాళ్ళ కేకలు చాలు.

"మాదేవమ్మా, చూస్తివా?" అన్నాడు.

"చూస్తి. నువ్వు కర్నూలుకు పోయి కన్ను చూపించుకో, ఇంగనన్నా," అంది మాదేవమ్మ.

కర్నూలు పెద్దాసుపత్రిలో ఆపరేషను చేస్తారు. పొర తీసేస్తే రంగులన్నీ వేరేగా కనిపిస్తాయని ఆయన ఎవరి దగ్గరో విని ఇన్నాళ్ళూ భయపడ్డాడు. ఇప్పుడు భయం మాదేవమ్మకు పట్టుకుంది. ఆయన లేకుండా తానొక్కతే చుక్కలు వేయాలి. ఊదాకూ నీలానికీ నడుమ ఎన్నో రంగులు పోతాయి, ఏది అసలు నీలమో చెప్పే మనిషి పక్కన ఉండడు. యాడ ఆపాల్నో నాకు గుర్తు పెట్టిపో, అంది.

మాబాషా ఆ సాయంత్రం మాధవరంలో బస్సు దిగి ఇంటికి పోలేదు. తిన్నగా పుల్లన్న ఇంటికి పోయాడు. పుల్లన్న మగ్గం గుంటలోంచి లేచి నిలబడ్డాడు.

"పుల్లన్నా, ఒక చిలప తెల్ల నూలు ఇయ్యి. ఆ పొద్దు నువ్వు వాపసిచ్చింది న్యాయమే."

పుల్లన్న లోపలికి పోయాడు. నూలు తెచ్చి ఇచ్చి, "కాఫీ తాగిపో మామా," అన్నాడు.

తండ్రి నేర్పిన నీలి బానను మాబాషా మళ్ళీ పెట్టాడు. నీలిమందు, సున్నం, బాన పులియడానికి తగిరిస గింజలు ఉడికించిన నీళ్ళు. బాన పులిసిందో లేదో వాసనే చెప్పింది, వేళ్ళ మధ్య జారే జిగురు చెప్పింది. వాటికి కన్ను అక్కరలేదు. భార్య మాబున్నీసా గడప మీద కూర్చుని చూస్తోంది. ఎట్లుందని ఆయన ఆమెను అడగలేదు. నూలు ముంచాడు, ఊపిరి బిగబట్టాడు, ఊపిరి వదిలే వేళకు తీసి గాలికి పట్టాడు. మళ్ళీ ముంచాడు. ఎన్ని మునకలకు ఎంత నీలం వస్తుందో ఆ చేతులకు తెలుసు. ఇక చాలని చేతులకు అనిపించినప్పుడు ఆపాడు.

ఆరిన నూలులోంచి జానెడు తెంచి, కాగితంలో చుట్టి లాడ్జికి తెచ్చాడు. మాదేవమ్మ పరీక్ష చేసింది. నీలం తిరిగిన సీసా పక్కన ఆ పోగును పెట్టి చూసింది.

"ఒకటేనప్పా."

"ఎండలో చూడు."

వాకిట్లోకి పోయి చూసింది. "ఎండలోనూ ఒకటే."

ఆయన సరేనని కర్నూలు బస్సెక్కాడు.

నెల దాటాక నల్లద్దాలు పెట్టుకుని వచ్చాడు. లాడ్జి మెట్ల మీదే ఆగి, తలెత్తి ఆకాశాన్ని చూసి, పక్కన పోయేవాణ్ణి కూడా చూడమన్నాడట. హాల్లోకి వచ్చి అద్దాలు తీసి తొట్టి ముందు నిలబడ్డాడు. మాదేవమ్మ సీసాలో నీళ్ళు తీసింది, పొడి కలిపింది, చుక్కలు వేసింది. ఎరుపు, ఊదా, నీలం. అన్నీ ఆయనకు కనిపించాయి. సీసాను ఒక చేత్తో, తాను గుడ్డి కన్నుతో వేసిన పోగును ఒక చేత్తో ఎత్తి కిటికీ వెలుతురులో పక్కపక్కన పట్టుకున్నాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

"సెట్టిగారూ! ఇట్ల రాండి! చూడండి!" అని అరిచాడు. రామసుబ్బయ్య గల్లాపెట్టె వదిలి వచ్చాడు. వంటమనిషి బొజ్జన్న గరిటెతో సహా వచ్చాడు. "కన్ను లేకుండా వేసినా! నా చెయ్యి తప్పల్యా! పుల్లన్నను అడగండి, మాధవరాన్ని అడగండి, ఇది నా నీలం!" ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే, కొత్త కన్ను తడి కాకూడదంట అని మాదేవమ్మ కొంగుతో అద్దింది.

ఆ పొద్దే పని మానేశాడు. "చుక్కలు కూడా నువ్వే వేసుకో మాదేవమ్మా. పుల్లన్నకు చీరె అంచులకు నీలం కావాలంట," అని చెప్పి, అందరికీ సలాం చేసి పోయాడు. ఆ దసరాకు మాధవరంలో నేసిన చీరెలకు ఆయన నీలమే అంచు. మరుసటి ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం నీలి బాన పక్కన, గోడ నీడలో, తువ్వాలు తలకింద పెట్టుకుని పడుకున్నవాడు మళ్ళీ లేవలేదు. వేళ్ళు మణికట్టు దాకా నీలంగా ఉన్నాయని, కడిగినా పోలేదని మాబున్నీసా చెప్పింది.

కడప లాడ్జిలో తొట్టి ఇంకా ఉంది. కిటికీ వైపు మూలన, మాదేవమ్మ ముడేసి కట్టిన చోటే ఆ జానెడు పోగు వేలాడుతోంది. ఉప్పునీటి తుంపరలకు కొస తెల్లగా గట్టిపడింది, పైనంతా నీలం అలాగే ఉంది.